తుమ్ముల సీను

ఆ సినిమా అంటే నాకు రోత. పోయిన ఆదివారం మా అల్లుడు దాన్ని ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చి గోడంత టీవీలో పెట్టాడు. "అత్తయ్యగారూ, మీ కాలం నాటి కామెడీ, వచ్చి కూర్చోండి" అంటూ సోఫాలో నాకు మధ్యలో చోటు చేశాడు. నలుపు తెలుపు బొమ్మ. మా రోజుల్లో దాని మీద ఉండే గీతలూ గరగరలూ అన్నీ తుడిచేసి, ముసలాడికి రంగేసినట్టు తయారుచేశారు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి కప్పుల్లో సేమ్యా పాయసం తెచ్చింది. ఆ సినిమా, ఆ పాయసం ఒకే పూట నా ముందుకు వచ్చి నలభై ఏళ్లు దాటింది. కప్పు పక్కన పెట్టేశాను. "అమ్మకి పాయసం పడదు" అని మా అమ్మాయి అల్లుడికి చెప్పింది, నా సంగతంతా తనకే తెలిసినట్టు. పడకపోవడమేమిటి, చిన్నప్పుడు గిన్నె అడుగు గీకి మరీ తినేదాన్ని.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను, అంతకంటే ఎక్కువ దానికి అనవసరం. ఒక పిసినారి వకీలు. ఆయన కూతుర్ని పెళ్లాడడానికి ఒక కుర్రాడు మూడు వేషాలు వేసి ఆ ఇంట్లోనే తిరుగుతుంటాడు. చివర్లో పెళ్లి భోజనాల దగ్గర వకీలు నస్యం డబ్బా వెళ్లి పాయసం గంగాళంలో పడుతుంది. అది తెలియక వంటవాడు అందరికీ వడ్డిస్తాడు. ఇక బంతి బంతంతా తుమ్ములు. పురోహితుడు తుమ్ముతాడు, పెళ్లికొడుకు తండ్రి తుమ్ముతాడు, వకీలు తుమ్మితే పళ్లసెట్టు ఎగిరి పక్కవాడి ఆకులో పడుతుంది. పక్కవాడు దాన్ని కొబ్బరిముక్క అనుకుని నోట్లో పెట్టుకుంటాడు. ఇది హాస్యం. దీనికి మా ఇంట్లో మనుషులు కడుపు పట్టుకుని దొర్లేవాళ్లు.

మా ఇల్లంటే అప్పట్లో కువైట్‌లో, ఫింటాస్‌లో, సముద్రానికి రెండు వీధులవతల మూడో అంతస్తు. మా వాళ్లది కోనసీమ. నాన్న అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో సూపర్‌వైజరు. శుక్రవారం సెలవు. కువైట్‌లో చిన్నతనం అనగానే మా వాళ్లు ఖర్జూరాలు, అత్తరు, బంగారం అంటారు. నాకు జ్ఞాపకం ఉన్న వాసనలు వేరు. కిటికీ ఏసీలోంచి వచ్చే తడి గుడ్డ కంపు. పోటు తగ్గినప్పుడు సముద్రం వైపునుంచి వచ్చే కుళ్లిన నాచు వాసన. ఎంత సబ్బుపొడి వేసి రుద్దినా నాన్న గోళ్లలోంచి పోని గ్రీజు, తుప్పు. అమ్మ ఊరినుంచి డబ్బాల్లో తెప్పించుకున్న ఎండు మెత్తళ్లు వేయించిన రోజైతే కర్టెన్లకి కూడా ఆ వాసన పట్టేసేది. నేను ముక్కు మూసుకుంటే అమ్మ మొట్టికాయ వేసేది. "ఇదే తిండి దొరక్క ఏడుత్తున్నారే ఇక్కడి జనం" అనేది.

ఆ బిల్డింగులో తెలుగువాళ్లలో వీసీఆర్ మొదట కొన్నది నాన్నే. దానికి అమ్మ అల్లిన లేసుగుడ్డ కప్పేవారు. నాన్న తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. తివాచీ మీద పెద్దవాళ్ల పాదాలు, పగిలిన మడమలు, వాటి మధ్యలో మేము. బొమ్మ మొదలయ్యేదాకా ఎవరి ఇఖామా గడువు ఎప్పటికి అయిపోతుంది, ఎవరికి వీసా ఇచ్చిన కఫీల్ మంచివాడు, ఎవడు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని సతాయిస్తున్నాడు, ఇదే మాట. బొమ్మ మొదలయ్యాక నవ్వు. నమిలిన కూబ్బుసు రొట్టె, గోంగూర పచ్చడి నోట్లో కనబడేలా తెరిచి నవ్వేవాళ్లు. కన్నీళ్లు తుడుచుకున్న చేత్తోనే ముక్కూ తుడుచుకుని, అదే చెయ్యి మళ్లీ కంచంలో పెట్టేవాళ్లు. నాకు పదేళ్లు. నాకెందుకో పెద్దవాళ్ల నవ్వు మొదటినుంచీ అసహ్యమే. నా అల్లరి కూడా దాని మీదే ఉండేది. నాన్న చూడకుండా పాజ్ నొక్కి తెర మీద నోరు తెరిచిన మనిషిని అలాగే ఆపేసి, ఆ వంకర మొహాన్ని అనుకరించి పిల్లలందర్నీ నవ్వించేదాన్ని. నాన్న వీపు మీద ఒకటిచ్చి, పాజ్ చేస్తే టేపు అరిగిపోతుందని కోప్పడేవాడు. టేపు అరగడం గురించి నాన్నకి ఎంత దిగులో.

నెలకొకసారి ఆ గుంపులోకి రాయచోటి అత్త వచ్చేది. ఆవిడ పేరు ఇక్కడ అనవసరం, మేము అలాగే పిలిచేవాళ్లం. రిగ్గైలో ఒక అరబ్బు ఇంట్లో పని. ఆసుపత్రి వరసలో తెలుగు మాట వినబడి అమ్మ పలకరిస్తే అలా పరిచయం. నెలకి ఒక్క శుక్రవారం, జుమ్మా తర్వాతనుంచి మగ్రిబ్ దాకా సెలవు. ఆ ఇంటి డ్రైవరు దింపి వెళ్లేవాడు. "మామా పొద్దుగూకేలోపల రమ్మనింది" అని రాగానే గడియారం వైపు చూసుకునేది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. మా ఇంట్లో ఆవిడకి వేరే స్టీలు గ్లాసు. వంటింటి కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. ఆవిడ ముస్లిం అని కాదు. నాన్న స్నేహితుడు హైదరాబాద్ అంకుల్‌దీ అదే మతం, ఆయనకి మా పువ్వుల గాజు కప్పులోనే టీ ఇచ్చేవాళ్లు. ఆవిడది పాచి పని, అందుకు. చిన్నప్పుడు నాకు ఇది మామూలుగానే కనబడింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కిటికీ గట్టు కూడా రోతే.

చిన్నకూతురు పాకే వయసులో ఉండగా ఆవిడ ఊరు వదిలి వచ్చింది. అప్పటికి నాలుగేళ్లవుతోంది. రాయడం రాదు, చదవడం రాదు. ఆ రోజుల్లో అలాంటివాళ్లంతా ఆడియో క్యాసెట్లలో మాటలు నింపి పంపుకునేవాళ్లు. ఆవిడ ఇంటి దగ్గర టేప్‌రికార్డరు కూడా లేదు. ఒకసారి వాళ్ల వీధిలో ఎవరో కలవారి పెళ్లికి వీడియో తీసేవాడు వచ్చాడట. పెళ్లయిపోయాక ఆవిడ భర్త అతని కాళ్లావేళ్లా పడి, మా ఇల్లూ పిల్లలూ ఒక రవ్వ తీసిపెట్టు అని అడిగాడట. అతను పెళ్లి క్యాసెట్టు కాపీ ఒకటి చేసి, దాని చివర వీళ్ల ఇల్లు కలిపి ఇచ్చాడు. కువైట్ వచ్చే మనిషి ఎవరో పట్టుకొచ్చి ఆవిడకి అందించాడు. మామా ఇంట్లో టీవీ ఉన్నా ఆవిడ క్యాసెట్టు పెట్టుకోవడానికి లేదు. అందుకని తెచ్చి మా సొరుగులో దాచుకుంది.

అందులో రెండు గంటలకి పైగా ఎవరిదో పెళ్లి. తర్వాతే ఆవిడది. ఉన్న కాస్త సెలవూ పరాయి పెళ్లి చూడ్డంతో అయిపోతోందని, నాన్నే ఒకరోజు కూర్చుని, ఆవిడ ముక్క ఎక్కడ మొదలవుతుందో మిషన్ మీద ఆకుపచ్చగా తిరిగే అంకెల్లో చూసి, ఆ నంబరు క్యాసెట్టు పెట్టె మీద రాసిపెట్టాడు. నాన్నలో మంచి లేదని నేను అనను. ఆ నంబరు దాకా తిప్పి పెడితే, ముందుగా చిన్నపిల్ల కనబడేది. వాకిట్లో నిలబడి, గౌను అంచు నోట్లో పెట్టుకుని, పక్కనుంచి ఎవరో చెప్పమంటే చెప్పేది. "అమ్మా, నేను బాగుండా. కోడి ఆరు గుడ్లు పెట్టింది. ఒగటి పిల్లి తినేసింది." పక్కనుంచి ఇంకా చెప్పమనేవాళ్లు. "ఇంగేం లేదు" అనేది ఆ పిల్ల. అంతే. తర్వాత పెద్దపిల్ల ఏదో పద్యం అప్పజెప్పేది, భర్త దగ్గి దగ్గి నాలుగు మాటలు చెప్పేవాడు, ఆ తర్వాత బర్రె, కొత్తగా సున్నం కొట్టిన గోడ.

మిగతావాళ్లు సినిమా అయ్యాక లేచిపోతే, అత్త ఒక్కతే టీవీ ముందు గొంతుక్కూర్చుని చూసేది. చిన్నపిల్ల మాట్లాడేంతసేపు ఆవిడ పెదాలు కదిలేవి. ఒకసారి "ఆ మొగం కాడ నిలపెట్టు పాపా" అని నన్ను అడిగింది. పాజ్ నొక్కాను. వణుకుతున్న బొమ్మని దగ్గరికి వెళ్లి చూసింది. నాన్న వచ్చి, టేపు అరిగిపోతుందమ్మా, మీ మంచికే చెప్తున్నా అని ఆపించాడు. ఆవిడ నొచ్చుకోలేదు. నిజమే గదా అన్నా, అరిగితే ఎట్ల అంది. నెలకొక్కసారి మాత్రమే, అదీ ఆపకుండా చూసేది.

ఇక ఆ పాడు శుక్రవారం. వీడియో షాపులోకి ఆ కామెడీ సినిమా వచ్చిందని తెలిసి నాన్న వెళ్లి తెచ్చాడు. ఒక్కటే కాపీ, సాయంత్రపు అసర్ నమాజు కల్లా తిరిగి ఇచ్చేయాలి, వెనక ఇంకొకరు కాచుకుని ఉన్నారని షాపువాడు చెప్పి పంపాడట. చిన్నప్పుడు అమలాపురంలో నేల టిక్కెట్టులో కూర్చుని చూసిన సినిమా అని నాన్నకి దాని మీద ప్రాణం. కాపీ చేసి ఉంచుకోవాలని హైదరాబాద్ అంకుల్‌ని వాళ్ల మిషన్ కూడా పట్టుకు రమ్మన్నాడు. రెండు మిషన్లకీ తీగలు కలిపారు. అంతా అయ్యాక చూస్తే ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. శుక్రవారం మధ్యాహ్నం, షాపులన్నీ మూసేసి ఉన్నాయి. సొరుగులో ఉన్నవి మా మేనమామ పెళ్లి, నాన్న దాచుకున్న భక్తి సినిమాలు, అత్త క్యాసెట్టు.

నాన్న ఆ పెట్టె మీది నంబరు చూశాడు. ముందంతా ఎవరిదో పెళ్లే కదా, ఆవిడ కూడా అది చూడదు, దాని మీద ఎక్కిద్దాం, పాత సినిమా కాబట్టి పొట్టిగానే ఉంటుంది, ఆవిడ ముక్క చివర్న అలాగే ఉండిపోతుంది అని లెక్కేశాడు. "ఏవండీ, అది ఆవిడదండీ" అంది అమ్మ. ఆవిడదే, ఆవిడకి ఒక సినిమా కూడా కలిసొస్తుంది, మంచిదేగా అన్నాడు నాన్న. ఆ క్యాసెట్టు వెనకవైపు చిన్న పలక విరిచేసి ఉంది. చెరిగిపోకూడదని ఇచ్చినవాడు విరిచేస్తాడు, అప్పుడు దాని మీద మిషన్ ఇంకేమీ రికార్డు చెయ్యదు. అది విరిచి ఉందంటే, దీన్ని ముట్టుకోవద్దు అని అర్థం. దానికీ అందరికీ తెలిసిన ఉపాయం ఉంది, ఆ కంత మీద ప్లాస్టర్ టేపు అంటిస్తే చాలు. "నీ వేళ్లు సన్నంగా ఉంటాయి, నువ్వు అంటించవే, నీటుగా" అన్నాడు నాన్న. నేను అంటించాను. ముడత లేకుండా, అంచులు గోటితో నొక్కి మరీ అంటించాను. నాన్న మెచ్చుకుని అందరికీ చూపించాడు.

నన్ను మిషన్ పక్కన కూర్చోబెట్టారు. పెట్టె మీది నంబరు రాగానే చెప్పమన్నారు, వెంటనే ఆపేస్తానన్నాడు నాన్న. ఆ వారం అత్తకి సెలవు లేదు. అమ్మ సేమ్యా పాయసం చేసింది. సినిమా మొదలైంది. నేను ఒక కన్ను తెర మీద, ఒక కన్ను అంకెల మీద వేసి కూర్చున్నాను. మూడు వేషాలూ అయ్యాయి, పాటలు అయ్యాయి, పెళ్లి వచ్చింది. నస్యం డబ్బా జారి పాయసంలో పడింది. గదిలో అందరూ ఒక్కసారి మోకాళ్ల మీద కూర్చున్నారు. పురోహితుడు మొదటి తుమ్ము తుమ్మాడు. హైదరాబాద్ అంకుల్ నోట్లో పాయసంతో నవ్వబోయి తివాచీ మీద చిమ్మాడు. వకీలు ముక్కు ఎగబీల్చి తుమ్ముకి సిద్ధమవుతున్నాడు. అప్పుడు నంబరు వచ్చింది.

నేను చూశాను. పెట్టె మీద నాన్న రాసిన అంకెలు, మిషన్ మీద అవే అంకెలు. ఒక్క క్షణం రెండూ ఒకటే. తర్వాత చివరి అంకె మారింది. వకీలు తుమ్మాడు. పళ్లసెట్టు ఎగిరింది.

"నంబరొచ్చిందేంటే?" అన్నాడు నాన్న, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"ఇంకా రాలేదు నాన్నా" అన్నాను.

"ఆపకు భాయ్, అసల్ మజా ఇప్పుడే ఉన్నది" అన్నాడు అంకుల్.

ఎందుకు అలా అన్నానంటే, ఆ పళ్లసెట్టుని పక్కవాడు తింటాడా లేదా చూడాలని. అంతే. పెద్దవాళ్ల నవ్వు అసహ్యమని చెప్పుకునే నేను ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వాను. పొట్ట నొప్పి పుట్టేలా నవ్వాను. నాన్న తల రవ్వంత తిప్పితే అంకెలు ఆయనకే కనబడేవి. తిప్పలేదు. తిప్పడం ఇష్టం లేకే నన్ను అక్కడ కూర్చోబెట్టాడేమో అని ఈ వయసులో అనిపిస్తుంది. అమ్మ ఒక్కతే నా వైపు చూసింది. చూసి, పాయసం గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శుభం అని పడ్డాక అందరూ లేచి ఒళ్లు విరుచుకున్నారు. నాన్న అంకెలు చూసి నాలిక కరుచుకున్నాడు. నేను చూసుకోలేదని చెప్పాను. చిన్నపిల్ల, దాన్ని ఏమనకండి అన్నాడు అంకుల్. మిగిలింది వేసి చూస్తే బర్రె సగం, గోడ. చిన్నపిల్ల లేదు, పెద్దపిల్ల లేదు, భర్త లేడు. ఊళ్లో వీడియో తీసినవాడికి ఉత్తరం రాయిస్తే ఇంకోటి పంపుతాడులే అన్నాడు నాన్న. రాయించారు కూడా. వాడు ఆ మూల క్యాసెట్టు మీద అప్పటికే ఇంకో పెళ్లి ఎక్కించేశాడని తర్వాత జాబు వచ్చింది. ఆ సంగతి మాకు మూడు నెలల తర్వాత తెలిసింది.

మరుసటి శుక్రవారం అత్త వచ్చింది. అమ్మ మళ్లీ సేమ్యా పాయసం చేసింది. ఆవిడకి ముందే చెప్పాలని అమ్మ పట్టుబట్టింది. చెప్తాలే, ముందు సినిమా చూడనీ, మనసు తేలిక పడుతుంది అన్నాడు నాన్న. ఇంత నీచమైన ఆలోచన మంచివాళ్లకే వస్తుంది. మీ క్యాసెట్టులోనే మంచి సినిమా ఎక్కించామమ్మా, చివర్న మీది ఉంది అని చెప్పాడు. ఆవిడ సంతోషించింది. రెండున్నర గంటలు మా అందరితో కూర్చుని చూసింది. తుమ్ముల సీను వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది. గదిలో మిగతావాళ్లు ఎవరూ నవ్వలేదు. ఆవిడ పిల్ల మాటలు చెరిపేసిన బొమ్మకి ఆవిడే నవ్వుతోంది, మేమంతా పాయసం కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాం. నా నోట్లో ఉన్న సేమ్యా మింగుడుపడలేదు. ఆ రోజునుంచే నాకు పాయసం పడదు.

శుభం పడింది. తెర కాసేపు గీతలు కొట్టింది. బర్రె తోక కనబడింది. తర్వాత గోడ. గోడ చాలాసేపు ఉంది. ఆవిడ ముందుకి జరిగి కూర్చుంది, పిల్లలు తర్వాత వస్తారేమో అన్నట్టు. టేపు అయిపోయింది.

"మా చిన్నది మాట్లాడేది యాడుంది అన్నా?"

మిషన్ తినేసిందమ్మా అన్నాడు నాన్న. ఒక్కోసారి టేపుని మిషన్ తినేస్తుంది, మన చేతుల్లో ఉండదు అని చెప్పాడు. ఆవిడ నన్ను కొంచెం వెనక్కి తిప్పమంది. తిప్పాను. తుమ్ములు. ముందుకి తిప్పాను. గోడ. మళ్లీ వెనక్కి. పక్కవాడు పళ్లసెట్టు నములుతున్నాడు. ఆవిడ ఆ మిషన్ వైపు, దాని మీది లేసుగుడ్డ వైపు కాసేపు చూసింది. పోనీలే అన్నా, గోడ అయినా ఉండాదిలే అంది. లేచి, తివాచీ మీది కప్పులన్నీ ఏరుకుని, అమ్మ వద్దంటున్నా వంటింట్లోకి పోయి తోమడం మొదలుపెట్టింది. మామూలుగా మా ఇంట్లో అమ్మ ఆవిడ చేత పని చేయించేది కాదు, ఆ మాట చెప్పాలి. ఆ రోజు మాత్రం అడ్డుపడలేకపోయింది.

నేను వెనకాలే వెళ్లాను. నంబరు వచ్చిందనీ, నేను చూసి కూడా చెప్పలేదనీ, టేపు అంటించింది కూడా నేనేననీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఎక్కడ వచ్చిందని అడిగింది. వకీలు పళ్లసెట్టు ఎగిరే దగ్గర అన్నాను. ఆవిడ సబ్బు చేతులు నీళ్లలోనే ఉంచి నా మొహంలోకి చూసింది. అందులో దయ ఉందని అబద్ధం చెప్పను. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నాకు తెలిసినట్టు ఇంగ ఎవురికీ చెప్పాకు" అంది. "చెప్తే మీయమ్మ నా మొగం చూడలేక ఇంగ పిలవదు. నాకు ఈ ఇల్లొకటే ఉండేది."

అప్పటికి అది నాకు అర్థం కాలేదు. మరుసటి నెల వచ్చింది. పలకరింపులయ్యాయి, స్టీలు గ్లాసులో టీ తాగింది. తర్వాత నన్ను పిలిచి, అందరూ వింటుండగానే అడిగింది. "ఆ పండ్లసెట్టు కాడ పెట్టు పాపా."

పెట్టాను. టీవీ ముందు గొంతుక్కూర్చుంది. వకీలు ముక్కు ఎగబీల్చాడు, తుమ్మాడు, పళ్లసెట్టు ఎగిరింది. సరిగ్గా అక్కడ ఆవిడ పెదాలు కదలడం మొదలుపెట్టాయి. సినిమా మాటలకి కాదు. నేను పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది. అమ్మా, నేను బాగుండా. కోడి ఆరు గుడ్లు పెట్టింది. ఒగటి పిల్లి తినేసింది. అక్కడ ఆగేది, పక్కనుంచి ఎవరో ఇంకా చెప్పమన్నంతసేపు. ఇంగేం లేదు. తెర మీద ఎవడో ఎంగిలి పళ్లు నములుతుండగా, చుట్టూ మనుషులు మళ్లీ నవ్వడం మొదలుపెట్టగా, ఆవిడ ఆ నాలుగు ముక్కలూ లోపలే చెప్పుకునేది. నవ్వు మళ్లీ మొదలైంది, ఔను. మొదటి నెల సిగ్గుపడ్డారు, రెండో నెలకి మర్చిపోయారు. రాయచోటి అత్తకి ఆ సీనంటే ఎంత పిచ్చో అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. తను కాపీ చేసిన సినిమా అంత బాగా కుదిరిందని ఆయనకి గర్వం. ఆవిడ వస్తే చాలు, ఆయనే నన్ను కేకేసి ఆ సీను పెట్టించేవాడు. నాకు ఒళ్లంతా కంపరంగా ఉండేది, నాన్న మీద, అంకుల్ మీద, అన్నిటికంటే ఎక్కువ నా సన్నటి వేళ్ల మీద.

అలా ఏడాది పైన గడిచింది. మామా చివరికి సెలవు ఇచ్చింది. ఊరికి వెళ్లే ముందు చెప్పిపోవడానికి అత్త వచ్చింది. అమ్మ చీర పెట్టింది. నాన్న సొరుగు తెరిచి ఆ క్యాసెట్టు తీసి, మీకు అంత ఇష్టం కదమ్మా, ఉంచుకోండి, నా గుర్తుగా అని ఇచ్చాడు. ఆవిడ క్యాసెట్టు ఆవిడకే బహుమతి ఇచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ రెండు చేతులతో అందుకుంది. కంత మీద నేను అంటించిన టేపు ఇంకా అలాగే, ముడత లేకుండా ఉంది. వాళ్ల ఇంట్లో చూసుకోవడానికి మిషన్ ఎక్కడిది అని అడగాలని ఎవరికీ తోచలేదు. కొంగులో చుట్టుకుని తీసుకెళ్లింది. ఆవిడ మళ్లీ కువైట్ రాలేదు, మాకు కబురూ తెలియలేదు. వాకిట్లో నిలబడ్డ ఆ పిల్ల తల్లిని చూసి గుర్తుపట్టిందో లేదో తెలుసుకునే దారి నాకు లేకపోయింది.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా ఆ కామెడీ ప్రస్తావన వస్తే, మన రాయచోటి అత్త ఎంత నవ్వేదే అని తలుచుకునేవాడు. ఒక్కసారి కూడా నేను నిజం చెప్పలేదు. ఆవిడ వద్దంది కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అదీ ఒక సాకే.

పోయిన ఆదివారం సోఫాలోంచి లేచిపోదామనుకున్నాను. మనవరాలు నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది, లేవలేకపోయాను. నస్యం డబ్బా జారింది. పురోహితుడు తుమ్మాడు. మా వాళ్లు పాయసం కప్పులు పట్టుకుని ముందుకి వంగారు. వకీలు ముక్కు ఎగబీల్చాడు, పళ్లసెట్టు ఎగిరింది. ఎవరూ చెప్పకుండానే నా పెదాలు కదిలాయి. కోడి, ఆరు గుడ్లు, పిల్లి. ఆగాల్సిన చోట ఆగాను కూడా.

మా అల్లుడు నన్ను చూసి, మా అమ్మాయిని మోచేత్తో పొడిచాడు. "చూడు, అత్తయ్యగారికి డైలాగులన్నీ నోటికొచ్చు."

అవును బాబూ, మొత్తం వచ్చు అన్నాను.